కన్ను మనది, సంతకం మనది

(అంబేద్కర్ జయంతి వారంలో పాలకుర్తిలో వాడ యువకులు ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ పెట్టిన పిల్లలు మమ్మల్ని రిజర్వేషన్ల మీద మాట్లాడుమన్నరు. ఆ ముచ్చట మాకంటె బాగ చెప్పేటోళ్లు ఇదే వేదిక మీద ఇద్దరున్నరు. అందుకని మేము కండ్ల గురించి మాట్లాడుతం. నవ్వకుండ్రి. సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా నలుగురు పిల్లలు మా దగ్గరికొచ్చి ఒకటే మాట అడిగిన్రు: "సార్, లేజర్ కొట్టిచ్చుకుంటే సైటు పోతదట గదా, కొట్టిచ్చుకోమంటరా?" నలుగురూ కొలువుల కోసం కోచింగుల ఉన్నోళ్లే. నలుగురి ఇండ్లల్ల ఆ పైసలు లేవు. ఒకరింట్ల బర్రెను బేరం పెట్టిన్రు. ఒకరింట్ల అవ్వ పుస్తెలు గిరివి పెడుతనన్నది. బర్రె అమ్మాల్నా వద్దా అన్నదానికి జవాబు చెప్పాలంటే ముందు లేజర్ అంటె ఏందో మేము తెలుసుకోవాలె. తెలుసుకున్నంత ఈడ చెప్తం.

మేము డాక్టర్లం కాదు. ఈ వాడల్లనే పుట్టి, మా ఇండ్లల్ల మొట్టమొదటిసారి డిగ్రీ కాయితం తెచ్చి, సర్కారు బళ్లల్ల పంతుళ్లమైనోళ్లం. మందికి ఆపరేషన్ అయితే వెంట పోయి, ఇంగ్లీషు కాయితాలు చదివి చెప్పినోళ్లం. కొన్నిసార్లు ఆలస్యంగ చదివి చెప్పినోళ్లం. ఆ సంగతి కూడ చెప్తం.

ఎదురుంగ ఉన్న విగ్రహం చూడుండ్రి. నీలి కోటు, చేతిల పుస్తకం, కండ్లకు అద్దాలు. మా చిన్నప్పుడు మా వాడల అద్దాలు పెట్టుకున్న మొఖం అంటే గోడ మీది క్యాలెండర్ల బాబాసాహెబ్ మొఖం ఒక్కటే. మాలో ఒకరికి ఆరో తరగతి నుంచే దూరం కనపడకపోయేది. వాడ పిల్లలు కూచునేది వెనక బెంచీల. బోర్డు మీద రాసింది కనపడక తప్పులు రాస్తే సారు 'మొద్దు' అన్నడు. ఐదేండ్లు మొద్దుగనే బతికినం. ఇంటర్‌ల ఎవరో పుణ్యాత్ముడు దవాఖానకు తోలుకపోతే తెలిసింది, పవర్ మైనస్ మూడున్నర అని. అద్దాలు పెట్టుకొని ఊర్లకొస్తే చావడి కాడ ఒక పెద్దమనిషి "ఏందిరా, దొరబిడ్డ లెక్క అద్దాలు పెట్టినవ్" అన్నడు. అద్దాలు పెట్టుకొనీకె కూడ తెగువ కావాల్సిన రోజులవి. ఇయ్యాల అవే అద్దాలు కొలువుకు అడ్డమంటున్నరు, ఆడపిల్ల పెండ్లికి అడ్డమంటున్నరు. 'అద్దాల పిల్ల' అని కట్నం పెంచిన సంబంధాలు మేము చూసినం. పెండ్లి కోసం కన్ను కోపిచ్చుకునే దాకా వచ్చింది సంగతి.

ముందుగాల ఒక గడబిడ తీరాలె. మన ఊర్లల్ల కంటికి ఏం చేసినా 'లేజర్' అంటరు. ముసలవ్వకు శుక్లం తీసిన్రంటే 'లేజర్ ఆపరేషన్ అయింది' అంటరు. శుక్లాన్ని కుట్లు లేకుండ తీసే ఫేకో అనే పద్ధతిల మామూలుగ వాడేది లేజర్ కాదు, చెవికి వినపడని శబ్దతరంగాల అదురు. ఆ అదురుతోని గట్టిపడ్డ లెన్సును ముక్కలు చేసి పీలుస్తరు. దానికి లేజర్ అని పేరు పెట్టి, ఆ పేరుకు ఇంకో పదివేలు కలిపే బ్రోకర్లు తిరుగుతున్నరు. శుక్లం తీసిన ఒకటి రెండేండ్లకు లెన్సు వెనక పొర మసకబారితే ఒక లేజర్ ఉంటది. అది ఐదు నిమిషాల పని. షుగర్ ముదిరి కంటి వెనక తెరల నెత్తురు నాళాలు పాడైతే వేసేది ఇంకో లేజర్. అది చూపు పెంచనీకె చేసేది కాదు, ఉన్న చూపు పోకుండ కాపాడనీకె చేసేది. షుగర్ ఉన్నోళ్లకు డాక్టర్ అది వెయ్యాలంటే వెనకాడొద్దు. ఇగ నాలుగోది, అద్దాలు తీసెయ్యనీకె చేసేది. లాసిక్ అంటరు. ఇయ్యాల మేము మాట్లాడేది ఈ నాలుగో దాని గురించే. మొదటి మూడూ బీమారి ఉన్న కంటికి చేసేటియి. ఈ ఒక్కటి బీమారి లేని కంటికి చేసేది. ఈ తేడా యాదిల పెట్టుకోవాలె.

దీని కథ చిత్రంగ ఉంటది. 1981ల అమెరికాల న్యూయార్క్ రాష్ట్రంల ఐబీఎం కంపెనీ పరిశోధనశాలల మద్రాసుల పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, ఇంకిద్దరు తోటి శాస్త్రవేత్తలు ఎక్సైమర్ అనే లేజర్‌తోని పని చేస్తున్నరు. పండుగ పూట ఇంట్ల వండగ మిగిలిన టర్కీ కోడి ముక్క తెచ్చి దాని మీద ఆ లేజర్ కొట్టి చూసిన్రు. పక్కన కాలకుండ, మాడకుండ, గీత గీసినట్టు కోసింది. మాంసం తినేటోళ్లను చూసి ముక్కు మూసుకునేటోళ్లకు ఇది చెప్పుండ్రి, మీ కండ్లద్దాలు తీసేసిన విద్య ఎంగిలి కోడి బొక్క మీద మొదలైందని. ఆ తర్వాత 1990ల గ్రీసు దేశం క్రీట్ దీవిల పల్లికారిస్ అనే డాక్టరు, కంటి మీద సన్నని పొరను రేకు లెక్క లేపి, దాని కింద లేజర్ కొట్టి, మళ్ల ఆ రేకును కప్పే పద్ధతి తెచ్చిండు. అదే లాసిక్.

ఏం చేస్తరో చెప్తం. మన నల్లగుడ్డు మీద గాజు బిళ్ల లెక్క ఒక పొర ఉంటది, కార్నియా అంటరు. దాని మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కల. మైక్రాన్లల్ల చెప్తె 500 నుంచి 550. వెంట్రుక మందం 70 అనుకుంటే ఏడెనిమిది వెంట్రుకలు పేర్చినంత. గంతే. దూరం కనపడనోళ్లకు కన్ను మామూలు కంటె పొడవు ఉంటది, వెలుగు తెర దాకా పోకముందే కూడుకుంటది. అందుకని కార్నియా నడుమల కొంచెం చెక్కి సాపు చేస్తరు. ఒక్క పవర్‌కు 12 నుంచి 15 మైక్రాన్ల దాకా పోతది. మైనస్ ఆరు ఉన్నోనికి 80, 90 మైక్రాన్లు పోతయన్నట్టు. పైన లేపిన రేకు వంద మైక్రాన్లకు ఇటో అటో. రేకు పోను, చెక్కింది పోను, అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలె అని డాక్టర్ల లెక్క. తీసిన పొర మళ్ల మొలవదు. జుట్టు కాదు, గోరు కాదు.

ఆ లెక్క తప్పితే, లేకుంటే ముందే కార్నియా బలహీనంగ ఉన్నది చూసుకోకపోతే, కొన్ని నెలలకో ఏండ్లకో ఆ పొర లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బుతది. చూపు వంకరైతది, అద్దాలు పెట్టినా సరిగ రాదు. దీన్ని ఎక్టేషియా అంటరు. అరుదే, గాని వస్తే గట్టి కాంటాక్టు లెన్సులు, ఉబ్బును ఆపే ఇంకో చికిత్స, అది కాకపోతే వేరేటోళ్ల కార్నియా కుట్టించుకునుడు. కార్నియా పుట్టుకతోనో వయసుతోనో కోనులెక్క ఉబ్బే గుణం కొందరికి ఉంటది, కెరటోకోనస్ అని. కండ్లు దురద పెట్టి ఎప్పుడూ గట్టిగ నలుపుకునే పిల్లలల్ల ఎక్కువ చూస్తం. అసొంటోళ్లకు లాసిక్ చెయ్యొద్దు. అందుకే ఆపరేషన్‌కు ముందు కార్నియా పటం తీస్తరు, టోపోగ్రఫీ అంటరు. కాంటాక్టు లెన్సులు వాడేటోళ్లు ఆ పటానికి ముందు రెండు వారాలన్న అవి తీసెయ్యాలె, లేకుంటే కొలత తప్పొస్తది. ఆ పటం తియ్యకుండ, మందం కొలవకుండ 'రేపు రా, చేసేస్తం' అన్న కాడ ఒక్క నిమిషం కూచోవద్దు.

ఇప్పుడు మా పిల్లగాని సంగతి. వాడు ఈ సభలనే ఉన్నడు. చెప్పుమన్నడు, పేరు మాత్రం వద్దన్నడు. అయ్య హమాలీ. 2022 ఏప్రిల్‌ల పోలీసు కొలువుల నోటిఫికేషన్ పడ్డది, పదహారు వేలకు పైన పోస్టులు. ఊర్లకు ఊర్లు పొద్దుగాల నాలుగింటికి లేసి ఉరికిన్రు. వీని పవర్ మైనస్ నాలుగున్నర. పోలీసు కొలువుకు ఎత్తు, ఛాతి లెక్కనే చూపుకు కూడ కొలత ఉంటదని కోచింగుల చెప్పిన్రు. మహిళా సంఘంల అవ్వ లోను తీసింది, మిగిలింది మూడు రూపాయల మిత్తికి తెచ్చిన్రు. పట్నంల ఒక పెద్ద దవాఖానల రెండు కండ్లకూ చేయించిన్రు. తెల్లారి గోడ మీది గడియారం అద్దాలు లేకుండ కనపడితే వాడు ఏడ్చిండు. మేమూ సంబురపడ్డం. ఆరు బై ఆరు వచ్చింది. కొలువు మాత్రం రాలే, చివరి పరీక్షల మార్కులు తక్కువైనయి.

అప్పు తీర్చాలె గదా. డీసీఎం నడుపనీకె పోయిండు. కూరగాయల లోడు రాత్రి ఎత్తి తెల్లారేసరికి దించాలె. మొదటి వారమే వచ్చి చెప్పిండు: ఎదురుంగ వచ్చే ఒక్కొక్క లైటు చుట్టూ పెద్ద గుండ్రటి వెలుగు, దాని నుంచి గొడుగు పుల్లల లెక్క గీతలు, రెండు లారీలొస్తే రోడ్డు మీద గీత కనపడతలేదు. కండ్లల్ల ఎప్పుడూ ఇసుక పడ్డట్టు ఉంటది. దవాఖానకు పోతే బోర్డు చదివిచ్చి 'నీ చూపు ఆరు బై ఆరు, ఆపరేషన్ సక్సెస్' అని పంపిన్రు. బోర్డు పగటి గదిల ఉంటది, వీని పని రాత్రి హైవే మీద ఉంటది. చీకట్ల కంటిపాప పెద్దగ విచ్చుకుంటది, లేజర్ సాపు చేసిన మేర అంచు మీదికెల్లి కూడ వెలుగు లోపలికి పోయి చెదురుతది. ఆపరేషన్‌కు ముందు వాన్ని పవర్ అడిగిన్రు, పైసలు ఎట్ల కడుతవని అడిగిన్రు. ఏం పని చేస్తవు, రాత్రి బండి నడుపుతవా అని అడిగినోళ్లు లేరు.

వాడు సంతకం పెట్టిన కాయితం తెప్పిచ్చి చదివినం. అన్నీ ఇంగ్లీషుల. ఏడో పేజీల, రాత్రిపూట వెలుగుల చుట్టూ వలయాలు కనపడొచ్చు, బండి నడుపుడు ఇబ్బంది కావొచ్చు అని రాసే ఉన్నది. ఆ కాయితం వాని చేతికి ఇచ్చింది లోపలికి తీసుకపోయే పది నిమిషాల ముందు, 'ఈడ, ఈడ, ఈడ' అని మూడు చోట్ల వేలు పెట్టి చూపిచ్చిన్రు. వాడు డిగ్రీ చదివినోడు. మేము పంతుళ్లం, వాని వెంట పోలేదు. బడి ఉన్నదని ఆగినం. ఆ తప్పు మాది, ఒప్పుకుంటున్నం.

ఇది వానొక్కని సంగతా, అందరిదా? అమెరికా ప్రభుత్వపు మందుల నియంత్రణ సంస్థ, ఎఫ్‌డీఏ, తానే పూనుకొని లాసిక్ చేయించుకున్నోళ్లను అడిగి చూసింది. రెండు గుంపులల్ల కలిపి 570 మందికి పైన. ఆ ఫలితాలు 2017ల అచ్చైనయి. ఆపరేషన్‌కు ముందు వలయాలు, గీతలు, రెండేసి కనపడుడు ఏవీ లేనోళ్లల్ల, మూడు నెలలకు నూటికి నలభై మందికి పైన ఏదో ఒకటి కొత్తగ కనపడుతున్నదన్నరు. ముందు కండ్లు పొడిబారుడు లేనోళ్లల్ల నూటికి ఇరవై ఎనిమిది మంది దాకా పొడిబారుతున్నయన్నరు. దాని పక్కనే ఇంకో మాట కూడ చెప్పాలె, లేకుంటే మేమూ బ్రోకర్ల లెక్కనే సగం చెప్పినట్టయితది. వాళ్లల్ల చూపు మీద తృప్తి లేదన్నోళ్లు నూటికి ఒకరి నుంచి నలుగురే. ఆ వలయాలతోని రోజు పని నడవనంత తిప్పలు పడేటోళ్లు నూటికి ఒక్కరు కూడ లేరు. ముందే అసొంటి లక్షణాలు ఉన్నోళ్లల్ల కొందరికి తగ్గినయి కూడ. అంటే ఎక్కువ మందికి మేలే అయితది. నూటికి ఒక్కరు అంటే దవాఖానకు చిన్న లెక్క, ఆ ఒక్కడు రాత్రి బండి నడిపేటోడైతే వాని ఇంటికి పెద్ద లెక్క.

కండ్లు ఎందుకు పొడిబారుతయి అంటే, ఆ రేకు లేపినప్పుడు కార్నియాల ఉండే సన్నని నరాలు తెగుతయి. కన్ను ఎండినట్టు మెదడుకు కబురు పోదు, నీరు ఊరదు. శానమందికి ఆరు నెలల నుంచి ఏడాదిల నరాలు మళ్ల పెరిగి సర్దుకుంటది. కొందరికి ఏండ్లకేండ్లు చుక్కల మందు తప్పదు. ఇంకా తక్కువ మందికి, కంటిల ఏమీ కనపడకున్నా మంట, నొప్పి పోకుండ ఉంటది. ముందే కండ్లు పొడిగ ఉన్నోళ్లు, కీళ్లవాతం అసొంటి బీమారీలు ఉన్నోళ్లు, షుగర్ అదుపుల లేనోళ్లు ఈ సంగతి డాక్టరుకు దాచొద్దు. కడుపుతోని ఉన్న తల్లులు, పాలిచ్చే తల్లులు అప్పుడు చేయించుకోవద్దు, ఆ రోజులల్ల పవర్ మారుతుంటది. పద్దెనిమిది నిండనోళ్లకు అసలే చెయ్యరు. పద్దెనిమిది నిండినా, కనీసం ఏడాది పాటు పవర్ మారకుండ ఉండాలె. మన పిల్లల పాత చీటీలు ఇంట్ల ఉండవు, అద్దాలు పగిలినప్పుడే కొత్త చీటీ. అందుకే ఇయ్యాల్టి నుంచి ప్రతి చీటీ దాచిపెట్టుండ్రి.

పవర్ కొంచెం మిగిలిపోవచ్చు, ఎక్కువ చెక్కొచ్చు, కొన్నేండ్లకు కొంత తిరిగి రావొచ్చు. మళ్ల చెక్కాలంటే మందం మిగిలుండాలె. రేకు ముడత పడొచ్చు. రేకు సంగతి కబడ్డీ ఆడేటోళ్లు, పోలీసు, మిలిటరీ అనేటోళ్లు ఇనాలె. కంటికి గట్టి దెబ్బ తాకితే ఆ రేకు ఏండ్ల తర్వాత కూడ జరగొచ్చు. రేకు లేపకుండ పైపొర తీసి చేసే పీఆర్‌కే అనే పద్ధతి ఒకటున్నది. నాలుగైదు రోజులు నొప్పి, చూపు మెల్లగ వస్తది, కొందరికి మసక పొర కడుతది, గాని రేకు భయం ఉండదు. చిన్న గాటుతోని చేసే స్మైల్ అనేది ఇంకోటి వచ్చింది, దాంట్ల కూడ రేకు ఉండదు, ధర ఎక్కువ. ఏది ఎవరికి అన్నది కార్నియా పటం చూసిన డాక్టరే చెప్పాలె. ధరల పట్టిక చూసి రిసెప్షన్ల పిల్ల చెప్పేది కాదు.

మన పనుల గురించి ఆ పెద్ద దవాఖానల గోడ బొమ్మలల్ల ఉండదు. అందుల ల్యాప్‌టాప్ ముందు కూచున్న పిల్ల నవ్వుతుంటది. మన పిల్ల ఆపరేషన్ అయిన నాలుగో రోజు మిరప తోటకు పోతది, పత్తి ఏరుతది, మందు కొట్టే పంపు వీపుకు కట్టుకుంటది. దుమ్ము, మందు తుంపర, చెరువు నీళ్లు, చెమట కొంగుతోని కన్ను తుడుచుకునుడు, అన్నీ రేకు మానకముందు ప్రమాదమే. డాక్టర్ చెప్పినన్ని రోజులు కూలీ పోతదని ముందే లెక్క వేసుకోవాలె. ఆపరేషన్ ఖర్చుల ఆ కూలీ కూడ కలిపి చూడుండ్రి. ఇంకోటి, చుక్కల మందు. ఆపరేషన్ తర్వాత రాసేటియిల స్టెరాయిడ్ చుక్కలు ఉంటయి. రాసిన రోజులకే వాడాలె. మంట తగ్గుతుందని మెడికల్ షాపుల అదే సీసా మళ్ల మళ్ల కొనుక్కొని నెలలు వేసుకుంటే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తయి. చప్పుడు చెయ్యకుండ చూపు పోతది. నీటికాసులతోని పోయిన చూపు ఏ లేజర్‌తోని తిరిగి రాదు. పైగ లాసిక్ అయిన కంటికి పొర పల్చబడి ఉంటది గనుక ఒత్తిడి కొలిస్తే ఉన్నదానికంటె తక్కువ చూపుతది. అందుకే ఎప్పుడు ఏ కంటి డాక్టర్ దగ్గరికి పోయినా 'నాకు లాసిక్ అయింది' అని మొదలే చెప్పాలె. అరవై ఏండ్లకు శుక్లం వస్తే లోపల పెట్టే లెన్సు పవర్ లెక్క కట్టనీకె కూడ ఇప్పటి కొలతల కాయితం కావాలె. ఆ కాయితం పట్టా పాసుబుక్కు లెక్క దాచాలె.

సైటు పోయినంత మాత్రాన పొడవు కన్ను పొట్టిగ కాదు. మైనస్ ఎక్కువ ఉన్నోళ్లకు కంటి వెనక తెర పల్చగ సాగి ఉంటది, చినిగే ప్రమాదం ఉంటది. లాసిక్ అయినా ఆ ప్రమాదం అట్లనే ఉంటది. కంట్ల మెరుపులు మెరిసినట్టు, నల్లటి నలకలు ఒక్కసారే గుంపుగ ఎగిరినట్టు, పక్క నుంచి పరదా దిగినట్టు అనిపిస్తే ఆ రోజే దవాఖానకు ఉరకాలె.

నలభై దాటినోళ్లకు ఇంకో మాట. మా తోటి టీచరమ్మ 2012ల లాసిక్ చేయించుకున్నది. రాత్రి వలయాలు లేవు, మంట లేదు, పన్నెండేండ్లు సుఖంగ ఉన్నది. గా మధ్యనే హాజరు పట్టీ చెయ్యి చాచి చదువుడు మొదలుపెట్టింది. చత్వారం. అది కంటి లోపలి లెన్సు గట్టిపడి వచ్చేది, పైన పొర చెక్కితే ఆగేది కాదు. మళ్ల అద్దాలు, ఈసారి చదువనీకె. 'జీవితాంతం అద్దాలు ఉండయి' అన్న మాట నమ్మి నలభై ఏండ్లోళ్లు పైసలు కట్టొద్దు.

ఇగ కొలువుల ముచ్చట. అద్దాలు లేకుండ చూపు కావాలనే కొలువులు ఉన్నయి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కానిస్టేబుల్ జీడీకి అద్దాలు లేకుండ ఒక కంటికి 6/6, ఇంకో కంటికి 6/9 అడుగుతరు. మన కాజీపేటల రైలింజన్లు చూసి పెరిగిన పిల్లలకు అసిస్టెంట్ లోకో పైలట్ మీద ఆశ. దానికి 6/6 కావాలె. గాని లాసిక్ అయినోళ్లు ఆ పోస్టుకు పనికిరారని రైల్వే నోటిఫికేషన్లల్లనే రాసి ఉన్నది. దాచిపెట్టినా మెడికల్ల కార్నియా చూస్తే తెలిసిపోతది. అంటే కొలువు కోసమని అప్పు చేసి చేయించుకున్న ఆపరేషనే ఆ కొలువుకు తలుపు మూస్తది. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క నియమం. కొన్నింట్ల చేయించుకొని ఇన్ని నెలలు దాటాలని ఉంటది. కోచింగుల సారు చెప్పిండనో, యూట్యూబుల ఎవరో అన్నడనో పోవద్దు. నోటిఫికేషన్‌ల వైద్య ప్రమాణాల పేజీ తీసి, అచ్చు తీపిచ్చి, దవాఖానకు పోకముందు మా కాడికి రాండ్రి, కూచొని చదువుదం. టీచరుకు, వీఆర్వో కొలువు ఉన్నప్పుడు వీఆర్వోకు, క్లర్కుకు, వకీలుకు, కలెక్టరుకు ఎవ్వరికీ అద్దాలు అడ్డం కాలే. రాజ్యాంగం రాసినాయనకు కాలే. చివరి ఏండ్లల్ల షుగర్‌తోని చూపు మందగిచ్చి ఎంత తిప్పలు పడ్డా బుద్ధుని మీద పుస్తకం పూర్తి చేసే పోయిండు.

దవాఖాన అంటెనే మన జనానికి ఎందుకు భయమో కూడ తెలుసు. 2016 జూన్ 30న హైదరాబాద్ సరోజినీదేవి కంటి దవాఖానల పదమూడు మందికి శుక్లం ఆపరేషన్లు చేస్తే ఏడుగురికి కండ్లల్ల చీము పట్టింది. కన్ను కడిగే సెలైన్ సీసాలల్లనే క్రిములున్నయని తేలింది. 2018 సెప్టెంబరుల మన హన్మకొండలనే ఒక ప్రైవేటు కంటి దవాఖానల కంటివెలుగు కింద చేయించుకున్న పదిహేడు పద్దెనిమిది మందికి ఇన్ఫెక్షన్ వచ్చి హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి తరలిచ్చిన్రు. అవి లేజర్ ఆపరేషన్లు కావు. లాసిక్‌ల ఇన్ఫెక్షన్ శాన అరుదు. వాటిని చూసి శుక్లం ఉన్న ముసలోళ్లు ఆపరేషన్ మానుకోవద్దు, శుక్లం తీయకపోతే ఉన్న చూపు కూడ పోతది. మేము ఆ సంగతులు ఎందుకు తెచ్చినమంటే, ఏ ఆపరేషన్ అయినా సరే, తెల్లారి నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, చూపు తగ్గినా 'వారానికి రమ్మన్నరు గదా' అని ఆగొద్దు. చీము పట్టిన కంటికి గంటలు లెక్క.

సంతకం ముచ్చట చెప్పి దిగుతం. ఐలమ్మ తన పంట కోసం దేశ్‌ముఖ్ గూండాల మీద కొట్లాడిన ఊరు ఇది. ఆ కాలంల మన తాతలు ఏ కాయితం మీద వేలిముద్ర వేసిన్రో చదివి చెప్పినోళ్లు లేరు. భూమి కాయితం అనుకుంటే అప్పు కాయితమైంది. 2008 జనవరిల సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసుల చెప్పింది: ఏం చేస్తున్నరు, దానితో వచ్చే పెద్ద ప్రమాదాలేంది, చెయ్యకపోతే ఏమైతది, వేరే దారి ఏమున్నది, ఇవన్నీ రోగికి అర్థమయ్యేటట్టు చెప్పి తీసుకుంటేనే అది సమ్మతి. ఇంగ్లీషు కాయితం ఇస్తే తెలుగుల చెప్పుమనుండ్రి. ఇంటికి తీసుకపోయి చదువుకొని వస్తమనుండ్రి. అద్దాలు తీసే ఆపరేషన్‌కు తొందర ఏమున్నది, గుండెపోటు కాదు గదా. ఈ నెలాఖరు వరకే డిస్కౌంటు అంటే ఆ నెల పోనియ్యుండ్రి. మన మెడికల్ కాయితాలు అడిగిన 72 గంటలల్ల ఇయ్యాలని 2002 నాటి వైద్యుల నియమావళి చెప్తున్నది. పైసలు తీసుకొని వైద్యం చేసేటోళ్లు వినియోగదారుల చట్టం కిందికి వస్తరని 1995 నవంబరుల శాంత కేసుల సుప్రీంకోర్టు తీర్పు ఉన్నది. జిల్లా వినియోగదారుల కమిషన్‌ల రెండేండ్లలోపు కేసు పెట్టాలె, కట్టిన పైసలు ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. ముందే చెప్పిన దుష్ఫలితం వచ్చిందని కేసు గెలవరు. చెప్పకపోయినా, చూడాల్సిన పరీక్ష చూడకపోయినా గెలిచే దారి ఉంటది. సంతకం పెట్టిచ్చుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ కాదు.

చేయించుకోవద్దని మేము చెప్తలేం. ఆ నలుగురు పిల్లలల్ల ఒకామెకు పటం బాగున్నది, పవర్ రెండేండ్ల నుంచి మారలేదు, ఆమె రాయబోయే కొలువు నియమంల అడ్డం లేదు. ఆమె చేయించుకుంటనన్నది, మాలో ఒకరం వెంట పోతున్నం. ఇంకొకనికి కార్నియా పల్చగ ఉన్నదని వరంగల్ ప్రాంతీయ కంటి దవాఖానల చెప్పిన్రు. వాళ్ల అయ్య బర్రె బేరం ఆపిండు. మిగిలిన ఇద్దరి పరీక్షలు ఇంకా కాలే. వచ్చే ఆదివారం పొద్దుగాల ఏడింటికి ఈ విగ్రహం కాడికే పాత చీటీలు, పాత అద్దాలు, నోటిఫికేషన్ కాయితాలు పట్టుకొని రాండ్రి. డీసీఎం పిల్లగాడు కూడ వస్తడు. రాత్రి అతనికి ఏం కనపడుతదో అతన్నే అడుగుండ్రి.

జై భీమ్.